పదకొండు వందల పురుగులు

గట్టు మీద నిలబడి చేను చూడ్డం వీరరాఘవయ్యకి పుట్టుకతో వచ్చిన అలవాటు. తిరువూరు చుట్టుపక్కల నాలుగెకరాలున్న ఇంట్లో పుట్టిన మగాళ్ళందరికీ అదే అలవాటు లెండి. చేతులు వెనక్కి కట్టుకుని, పైరు ఒత్తుగా ఉందో పలచగా ఉందో చూసి, ఎకరానికిన్ని బస్తాలని తేల్చేస్తారు. లోపలికి దిగి, నడుం వంచి, ఏది పైరో ఏది కలుపో చూసేది కూలికొచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళనెవడడుగుతాడు? ఈయన కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడన్న మాటేగానీ చూపు మాత్రం ఆ చూపే.

డెబ్బై మూడులో ఆయనకి డాక్టరేటు మీద మోజు పుట్టింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, బురదలో బతికే ప్రాణుల మీద పరిశోధన మొదలెట్టాడు. మెట్ట ఊరివాడికి ఉప్పునీళ్ళతో ఏం పనయ్యా అని ఊళ్ళో నవ్వారు. అయినా సెలవులొస్తే చాలు బెజవాడ బస్సెక్కేవాడు, అక్కణ్ణించి బందరు, అక్కణ్ణించి అద్దె సైకిలు. మోకాటిలోతు బురదలో ఎక్కడ అడుగేస్తే దిగబడతాడో చెప్పి నడిపించింది పిచ్చమ్మ. సముద్రం ఆటుకి నీరు తీసినప్పుడు గుల్లలు తవ్వుకుని బతికే మనిషి. ఆవిడే లేకపోతే ఈ సారు మొదటిరోజే ఆ బురదలో కలిసిపోయేవాడు.

ఎగువన ఫ్యాక్టరీ పెట్టి, దాని మురుగు కాలవలోకి వదిలిన దగ్గర్నించీ మొగ చచ్చిపోతోందని పిచ్చమ్మ గోల. మోచెయ్యి లోతున దొరికే పెద్ద గుల్లలు, ఏళ్ళకేళ్ళు బతికేవి, కనపడకుండా పోయాయంటుంది. ఆ మురుగు ఆపకపోతే ఊరొదిలి పోవాల్సిందేనని ఊరంతా వేలిముద్రలేసి బందరు కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకున్నారు. ఆ బురద సంగతి తెలిసిన చదువుకున్నవాడు ఈయనొక్కడే దొరికాడని, నిజమేంటో రాసిమ్మని ఆఫీసువాళ్ళు ఈయన్నే అడిగారు. మా సారే రాస్తున్నారంటూ పిచ్చమ్మ ఇంటింటికీ వెళ్ళి చెప్పుకుంది.

సారు రాశారు. జల్లెడ పట్టిన బురదలో మొదటి ఏడు మూడొందల నలభై ప్రాణులు తేలాయి, రెండో ఏడు పదకొండు వందలు. ఇంకేం, పైరు మూడింతలు! మొగ ఆరోగ్యంగా ఉందని, జీవసంపద పెరిగిందని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. నెల తిరక్కుండా అర్జీ కొట్టేశారు.

ఆ వానాకాలం, కలుపు ముఠా నడిపే సామ్రాజ్యం అనే ఆవిడ మర్నాటి పని సంగతి అడగడానికి ఇంటికొచ్చింది. ఈయన వసారాలో తెల్ల పళ్ళెం ముందేసుకుని మొగ నించి తెచ్చిన బురదలో పురుగులు ఏరుతున్నాడు. ఎంత ఒత్తుగా ఉన్నాయో చూడమని గొప్పగా చూపించాడు. ఆవిడ వంగి చాలాసేపు చూసింది.

"అన్నీ ఒకటే పురుగు గదా బాబుగారూ," అంది. "పైరు కుళ్ళిన మళ్ళో తుంగ ఇట్టాగే లేస్తది. నాలుగు రోజుల్లో పుట్టేది, నాలుగు రోజుల్లో పోయేది. ఒత్తుగానే ఉంటది మరి."

వీరరాఘవయ్య లేచి లోపలికెళ్ళాడు. బురదలో దొరికినవాటిని దాచిన పాత సీసాలన్నీ దించాడు. ఈసారి ఎన్నని కాదు, ఏ ప్రాణి ఎంత లోతున ఉంటుంది, ఎన్నేళ్ళు బతుకుతుంది, ఏం తింటుంది, ఎన్నాళ్ళకి పిల్లలు పెడుతుంది అని విడదీసుకుంటూ పోయాడు. మొదటి ఏడాది సీసాల్లో లోతున ఉండేవి, నిదానంగా పెరిగేవి, ఒకదాన్నొకటి తినేవి, ఓ చిన్న ఊరంత ఉన్నాయి. రెండో ఏడాది పదకొండు వందల్లో వెయ్యికి పైగా ఒకటే రకం. పైపై కుళ్ళు తిని వారాల్లో చచ్చే ఎర్రటి సన్న పురుగు. మొగ కుళ్ళిపోతుంటే తను పంట పండిందని రాశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

రెండో రిపోర్టు పట్టుకుని బందరు పరిగెత్తాడు. ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మొన్న రాసింది మీరే, ఇవాళ రాసిందీ మీరే, మధ్యలో ఏ పురుగు కుట్టింది సార్ మీకు అన్నాడు. మూసిన ఫైలు తెరవడం కుదరదన్నాడు. ఆర్నెల్లపాటు ఏ గుమ్మం ఎక్కినా ఆయన సంతకమే ఆయన మొహాన కొట్టారు.

డెబ్బై ఆరు మాఘమాసంలో వాళ్ళ చేలో పత్తి తీతకి సముద్రం వైపు నించి ముఠా దిగింది. చూడబోతే సాలులో పిచ్చమ్మ. చేతులు గీరుకుపోయి ఉన్నాయి, అలవాటు లేని పని. ఈయన్ని చూసి ఎంత సంతోషపడిందని! ఊళ్ళో ఇక నాలుగు ఇళ్ళే మిగిలాయని, మిగతావాళ్ళు తలోదిక్కూ పోయారని చెప్పింది. అర్జీ కొట్టేశారన్న కబురు వాళ్ళదాకా వెళ్ళనేలేదు.

"మీరు రాస్తానన్న కాయితం రాశారా సార్? అది అందితే మురుగు ఆపుతారంట గదా."

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాడు.

"రాశాను పిచ్చమ్మా. ఎప్పుడో రాసిచ్చాను. మొగ బాగుందని రాశాను."

పిచ్చమ్మ ఆయన మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది. అంత చదువుకున్నాయన రాశాడంటే ఏదో ఉండే ఉంటుందని ఆలోచిస్తున్నట్టు నిలబడిపోయింది.

"అయితే బాగానే ఉందా సార్?" అంది. "మేమే తొందరపడి వచ్చేశామా?"