బోర్లించిన కుండ

ఎర్లీన్ మజీక్ మోకాళ్ల మీద కూర్చుని, నేల చెక్కల సందుల్లో ఇరుక్కున్న తళుకు ముక్కలను హెయిర్‌పిన్‌తో పెకలిస్తోంది. నిన్నటి పెళ్లికూతురు ఈ గుడిసెలోనే ముస్తాబైంది. ఒకప్పుడు పదకొండుమంది బానిసలు ఒకరినొకరు ఒరుసుకుని పడుకున్న గదిలో ఇప్పుడు హెయిర్ స్ప్రే కంపు. కిటికీ తెరిచినా పోలేదు. ఛీ, అనుకుంది. ఈమధ్య ఆ మాట రోజుకు పదిసార్లు వస్తోంది.

అమెరికాలోని దక్షిణ కరోలినాలో, ఇప్పుడు మ్యూజియంగా మార్చి పెళ్లిళ్లకు కూడా అద్దెకిస్తున్న ఈ పాత వరి ఎస్టేట్‌లో ఆమె పదిహేడేళ్లుగా గైడు. అరవై రెండేళ్ల మనిషి. వాచిన చీలమండలు, ఎడమ మోకాలికి పట్టీ. బానిసలా తలగుడ్డ కట్టుకుని పాతకాలపు గౌను వేసుకోమంటే మొదటిరోజే కుదరదంది. దొరల భవనం చూపించడానికి గైడులు పోటీ పడతారు, అక్కడ ఏసీ ఉంది. గుడిసె దగ్గర ఎండ, దోమలు, ప్రశ్నలు. "యజమానులు మంచివాళ్లేనా?" "తిండి బాగానే పెట్టేవాళ్లుగా?" జవాబు చెప్పి చెప్పి ఆమెకు నోరు చేదెక్కింది.

ఇదంతా భరించేది ఒక్క నిమిషం కోసం. గుమ్మంలో మూడుకాళ్ల ఇనప కుండను బోర్లించి, అంచు కింద చిన్న పుల్ల పెడుతుంది. బానిసలు చాటుగా ప్రార్థన చేసుకునేటప్పుడు ఇలాగే పెట్టేవారు. చప్పుడు కుండలోకి పోతుందని, కాపలావాడికి వినపడదని నమ్మకం. వినపడితే కొరడా. అంత చెప్పి, వచ్చినవాళ్లను ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడమంటుంది. ఆ నిమిషంలో తిక్క ప్రశ్నలుండవు. కుండ ఆమె ఇంటిదే, బానిసగా బతికిన ముత్తవ్వ తల్లి వాడింది. ఎస్టేట్‌లో దొరల పింగాణీ అంతా మిగిలింది గానీ బానిసల వస్తువు ఒక్కటీ మిగల్లేదు. అందుకే తెచ్చి మ్యూజియానికి ఇచ్చింది.

పదింటికి మేనేజర్ బ్రెట్ వచ్చాడు.

"మిస్ ఎర్లీన్, ఇవాళ ఆ కుండ సంగతి వదిలెయ్యండి. పన్నెండుకి ఇవాళ్టి పెళ్లికూతురు ముస్తాబుకి ఇక్కడికొస్తోంది. ఏడుపు కథలు వింటే పాపం ఆ పిల్ల మూడ్ పోతుంది."

"ఆ పిల్లను ఇక్కడ కూర్చోబెట్టింది నేనా బాబూ?"

"పెళ్లిళ్లే లేకపోతే ఈ కప్పు ఎప్పుడో కూలేది."

"కూలినా బాగుండేది."

అతను నవ్వేసి వెళ్లిపోయాడు. ఏం అన్నా నవ్వేస్తాడు, అదే ఆమెకు ఒళ్లు మంట.

ఒంటిగంటకు పద్నాలుగుమందిని వెంటబెట్టుకొచ్చేసరికి గుమ్మంలో కుండ నిటారుగా ఉంది. నిండా ఐసు, అందులో నాలుగు షాంపేన్ సీసాలు, పిడికి తెల్ల రిబ్బను. లోపలినుంచి సిల్కు గౌనులో పెళ్లికూతురి స్నేహితురాలు వచ్చి ఎర్లీన్ చేతిలో ఫోన్ పెట్టింది. "మేడమ్, మా అందరికీ ఒక ఫొటో తీస్తారా?"

ఎర్లీన్‌ ఫోన్ తిరిగిచ్చేసింది. నెమ్మదిగా వంగి, సీసాలు ఒక్కొక్కటే తీసి గడ్డిలో పెట్టింది, ఐసు పారబోసింది. కుండను బోర్లించి పుల్ల పెట్టి, రోజూ చెప్పే మాటలే చెప్పింది. అందరూ మౌనంగా నిలబడ్డారు. అర నిమిషం కాకముందే లోపల ఎవరో పకపకా నవ్వారు.

"సీసాలు ఎవరు తీశారు? వేడెక్కిపోతాయిగా!" పెళ్లికూతురు గొంతు.

బ్రెట్ పరుగెత్తుకొచ్చాడు. "సారీ చెప్పండి."

"ఎవరికి?"

ఆమె నడుముకున్న తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది. కుండ ఎత్తుకోబోతే అతను పిడి పట్టుకున్నాడు.

"అది మ్యూజియం ఆస్తి, మిస్ ఎర్లీన్. మీరే సంతకం పెట్టిచ్చారు." ఎంతో మర్యాదగా అన్నాడు.

"దీంట్లో వండుకున్నామె మీద కూడా కాగితం ఉండేది బాబూ. మీ కాగితాలెప్పుడూ పక్కాగానే ఉంటాయి."

పద్నాలుగుమందీ పక్కకు జరిగి ఆమెకు దారిచ్చారు. ఎర్లీన్ కుండ వదిలేసి, కుంటుకుంటూ కారు దాకా నడిచింది.

ఆమె కారు గేటు దాటకముందే గుమ్మంలో కుండ మళ్లీ నిటారుగా లేచింది, గడ్డిలోంచి ఏరిన ఐసు మట్టితో సహా అందులోకి చేరింది.