అయిదుగురి సొంత మాటలు

వీసాల ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరంలో పనికొచ్చే వాక్యాలు రెండే ఉన్నాయి. "మీరు సమర్పించిన అయిదు సాక్ష్యపత్రాలూ ఒకే వ్యక్తి రాసినట్టుగా ఉన్నవి. సాక్షులు తమ సొంత మాటల్లో రాసినవి ఇరవై ఎనిమిది రోజుల్లోగా అందని పక్షంలో మీ భర్త దరఖాస్తు తిరస్కరించబడును." మిగతా పేజీ అంతా నంబర్లూ సెక్షన్లూ.

టీచరమ్మ దాన్ని చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివింది. ఒళ్లు మండిపోయింది. వాళ్లు అన్నది అబద్ధమైతే ఇంత మండేది కాదు. ఆ అయిదింట్లోనూ మాటలు ఆమెవే.

పద్దెనిమిదేళ్లుగా అయిదో తరగతికి పాఠాలు చెబుతోంది. పక్కవాడి పేపర్లోకి తొంగిచూసిన పిల్లల్ని ఎంతమందిని పట్టుకుని నిలబెట్టిందో లెక్కే లేదు. అలాంటి మనిషిని పట్టుకుని ఎంత మాటన్నారు!

"నన్ను! కాపీ కొట్టానంటారా నన్ను!"

"కొట్టావనలేదు. కొట్టించావన్నారు," అన్నాడు మొగుడు, చేతులకున్న గ్రీజు పాత గుడ్డతో తుడుచుకుంటూ.

అతను ఫ్రిజ్ మెకానిక్. రెండేళ్ల పని పర్మిట్ మీద ఈ దేశానికి వచ్చాడు. స్కూలు స్టాఫ్‌రూములో ఫ్రిజ్ పాడైతే బాగుచెయ్యడానికి వచ్చాడు, మొదటిరోజే బాగుచేశాడు, అయినా ఇంకో మూడుసార్లు వచ్చి చూసుకుని వెళ్లాడు. నాలుగోసారి టీచరమ్మే అడిగేసింది, "ఫ్రిజ్‌కి వచ్చిన రోగమేంటి, మీకు వచ్చిన రోగమేంటి?" అని. ఆర్నెల్లు తిరక్కుండా రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టారు. అతనికంటే ఆమె అయిదేళ్లు పెద్ద.

పర్మిట్ ఎప్పుడో అయిపోయింది. ఆమె ఇక్కడి పౌరురాలు కాబట్టి భర్తను ఉండనివ్వమని దరఖాస్తు పెట్టింది. అది తేలేదాకా ఉండొచ్చు. కొట్టేస్తే మాత్రం పెట్టె సర్దుకుని పోవాలి, బయటి నుంచి మళ్లీ మొదటి కాగితం దగ్గర మొదలుపెట్టాలి. రెండేళ్లు పట్టొచ్చు, నాలుగూ పట్టొచ్చు. నలభై ఒకటో ఏట దొరికిన కాపురం అది. అందులోంచి నాలుగేళ్లు తీసి ఇవ్వడానికి టీచరమ్మ సిద్ధంగా లేదు.

అసలు ఆ దరఖాస్తు తయారయ్యేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. మొదట కలిసిన తేదీ రాయాలి. ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారో రాయాలి. కలిసి దిగిన ఫోటోల వెనక సందర్భం రాయాలి. ఒకరికొకరు పంపుకున్న మెసేజులు అచ్చు తీసి పెట్టాలి. తీసి చూస్తే ఏముంది? "పాలు." "సరే." "తాళం?" "కింద ఇచ్చా." "పాలు మర్చిపోయావు." పదకొండు పేజీలు ఇదే వరస. ప్రేమ అన్న మాట భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు.

"రోజూ ఎదురుగా కనిపించే మనిషికి ప్రేమలేఖ ఏం రాస్తాం? బుద్ధుందా వీళ్లకి?" అంది ఆమె.

అందుకే సాక్ష్యపత్రాల మీద ఆశ పెట్టుకుంది. ఈ దంపతులు నిజంగానే కాపురం చేస్తున్నారని తెలిసినవాళ్లు రాసివ్వాలి. అడిగిన ప్రతివాళ్లూ "ఏం రాయమంటారు టీచరమ్మా?" అన్నారు. ఆ మాట వింటే ఆమె చెయ్యి ఊరుకోదు. ఖాళీ కాగితం ముందు దిక్కులు చూస్తున్న మనిషిని చూస్తే పాపం అనిపిస్తుంది, చెప్పేస్తుంది. "వీరిది అన్యోన్య దాంపత్యం. ఒకరి అభిప్రాయాన్ని మరొకరు గౌరవిస్తారు." అయిదుగురికీ అదే డిక్టేషన్. రెండో వాక్యం విన్నప్పుడు మొగుడు నవ్వాపుకోలేక బాల్కనీలోకి పోయాడు. అక్కకైతే రాసే శ్రమ కూడా లేకుండా తనే రాసి బావగారి చేత పంపింది. సంతకమైతే వచ్చింది గానీ దానితో ఒక్క మాటా రాలేదు.

అక్క ఎనిమిదేళ్లు పెద్ద. తల్లి పోయాక చెల్లెలికి జడలు వేసి పెంచింది. ఈ పెళ్లి జరిగిన రోజు నుంచి గడప తొక్కలేదు.

సరే, మళ్లీ మొదలు. టీచరమ్మ నోటికి తాళం వేసుకుని తెల్లకాగితాలు పంచింది. మూడు రోజుల్లో కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ తెచ్చిచ్చింది.

"నీళ్ల మోటారు దగ్గర రోజూ గొడవ. అతను వేస్తాడు, ఈవిడ ఆపుతుంది. పొద్దున్నే నాకు తలనొప్పి. వీళ్లలో ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకా కష్టం. రెండోవాళ్లు నా దగ్గరికొచ్చి కూర్చుని బుర్ర తింటారు."

టీచరమ్మ చెయ్యి దానంతటదే ఎర్ర పెన్ను మీదికి పోయింది. మొగుడు ఆ పెన్ను లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

వర్క్‌షాపు ఓనరు రెండు ముక్కలే రాశాడు. "మంచి పనోడు. అయిదయితే చాలు, పెళ్లాం వచ్చే టైమైందని పారిపోతాడు, నాకు నష్టం." హెడ్మాస్టారు నాలుగు పేజీలు రాశారు. మూడుంపావు పేజీలు స్కూలు చరిత్ర, చివర్లో టీచరమ్మ. పక్కింటి డ్రైవరు కాగితం పోగొట్టుకున్నాడు, ఇంకోటి ఇస్తే దాని మీద పిల్లాడు బొమ్మ గీశాడు, మూడోది పంతొమ్మిదో రోజున చేతికొచ్చింది.

ఇక అక్క. టీచరమ్మ మూడు పూటలు తటపటాయించి ఫోన్ చేసింది.

"మొన్న సంతకం పెట్టానుగా. మళ్లీ ఏంటి?"

"నీ సొంత మాటల్లో రాయాలటక్కా."

"నా మాటల్లో రాస్తే నీకు నచ్చదు."

"నచ్చాల్సింది నాక్కాదు, వాళ్లకి."

"అయితే సరే," అని పెట్టేసింది.

వారం గడిచింది, రాలేదు. మళ్లీ అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. అడక్కుండా ఉండడానికి భయం అడ్డొచ్చింది. మొగుడు తన చొక్కాల్లో మంచివి ఒకవైపు, పాతవి ఒకవైపు సర్దుకోవడం చూసి, "ఎందుకిప్పుడు అవన్నీ!" అని గయ్యిమని లేచింది. "అలమర దుమ్ము పట్టిందని..." అన్నాడు అతను. అలమర శుభ్రంగానే ఉంది.

ఇరవై ఆరో రోజు సాయంత్రం బావగారు వచ్చి, అంటించిన కవరు ఒకటి ఇచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని విప్పారు.

"నేను దీని అక్కని. ఈ పెళ్లి నాకిష్టం లేదు. అతను ఈ దేశంలో ఉండే కార్డు కోసమే కట్టుకున్నాడనీ, అది చేతికి రాగానే పోతాడనీ చుట్టాలందరికీ చెప్పింది నేనే. ఇప్పటిదాకా వాళ్లింటికి వెళ్లలేదు. ఒక్కసారి మాత్రం వెళ్లాను. పోయినేడు మా చెల్లెలు స్కూలు మెట్ల మీద పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. నాకు చెప్పలేదు. వేరేవాళ్లు చెబితే తెలిసి పళ్లు తీసుకుని పోయాను. తలుపు తీసే ఉంది. బాల్కనీలో అతను బకెట్ బోర్లించుకుని కూర్చుని దాని తల రుద్దుతున్నాడు. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని ఇది తిడుతోంది. కదలకుండా కూర్చోమని అతను తిడుతున్నాడు. చిక్కు తీసేటప్పుడు నొప్పెట్టకుండా జుట్టు మొదట్లో పట్టుకున్నాడు. అలా పట్టుకోవాలని చిన్నప్పుడు దాని తల దువ్విన నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదనుకున్నాను. పళ్ల సంచి గుమ్మానికి తగిలించి వచ్చేశాను. ఆ తర్వాత ఎవరితోనూ ఆ మాట అనలేదు."

అప్పట్లో ఆ పళ్లు ఓనరమ్మ పెట్టిందనుకుని ఆమెకు థాంక్స్ చెప్పారు. ఓనరమ్మ "దానికేముందమ్మా" అని పుచ్చుకుంది కూడా.

అతను కాగితం మీద ఒక వాక్యం కింద వేలు పెట్టాడు.

"కార్డు కోసం అన్న ముక్క ఒక్కటి తీయించు. వాళ్లు వెతుకుతున్నదే అది. మనమే రాసిచ్చి పంపుతామా?"

ఆమెకూ అదే భయం. ఆ ఒక్క వాక్యం చూసి మిగతాది చదవకుండా ముద్ర గుద్దేస్తే? ఫోన్ చేస్తే అక్క తీసేస్తుందేమో కూడా. కానీ అది తీసేస్తే, తిట్టుకుంటూ వచ్చిన మనిషి గుమ్మంలో ఆగిపోయిందన్నది ఎవరికి అర్థమవుతుంది? ఆమె కాగితం మడిచి కవర్లో పెట్టింది.

"ఒక్క అక్షరం ముట్టుకోను. నువ్వూ ముట్టుకోకు."

ఇరవై ఏడో రోజు సెలవు పెట్టి ఆఫీసుకు పోయింది. కిటికీ వెనక గుమాస్తా ఒక్కో ఉత్తరానికీ రెండేసి నకళ్లు కావాలన్నాడు. ఎక్కడా రాయలేదే అంటే, గోడ మీద ఉందన్నాడు. గోడ మీద కాగితం ఉంది, దానికి అడ్డంగా బీరువా ఉంది. నకళ్లు తీయించుకొచ్చేసరికి కిటికీ మూశాడు, భోజనమట. మూడింటికి రసీదు చేతికొచ్చింది.

రసీదు వచ్చిన పదకొండో రోజు అక్క దగ్గర్నుంచి ఫోన్. పెళ్లయ్యాక తనంతట తానుగా చెయ్యడం అదే మొదలు.

"మీ ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారే. అరగంట ప్రాణం తోడారు. నేను వండుకోవద్దా?"

"ఏమడిగారు?"

"ఇప్పటికీ కార్డు కోసమే అనుకుంటున్నారా అని అడిగాడు. నా ఉత్తరం కింద దాకా చదివావా నాయనా అన్నాను. చదివానన్నాడు. అతన్ని పంపించేస్తే మీకేమైనా అభ్యంతరమా అన్నాడు."

"నువ్వేమన్నావక్కా?"

"ఏమంటాను? మా మరిదిని పంపిస్తే దాని తల ఎవరు రుద్దుతారు, నువ్వొస్తావా అన్నాను. నవ్వాడు. వారంలో ఉత్తరం వస్తుంది, భయపడొద్దని మీ చెల్లెలికి చెప్పండి అన్నాడు."

టీచరమ్మ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, నోటికొచ్చింది మాత్రం కోపమే.

"ఆ రోజు అంతదాకా వచ్చి లోపలికి రాకుండా ఎలా పోయావే? నేనేం కొరికేస్తానా?"

అవతల అక్క పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"వద్దామనే చెప్పులు విప్పాను. ఏడుపొచ్చేసింది. ఆ మొహంతో అతని ముందుకి ఎలా రానే?"