వంత కోసం విడిచిన జాగా

అమెరికాలోని ప్లేనోలో తెలుగు సంఘం హాలు వెనక చెత్తడబ్బాలోకి నడుముదాకా వంగి వెతికింది పద్మ. లేచేసరికి చేతిలో అన్న పాటల క్యాసెట్ ఉంది.

ఆమె అన్న అంజయ్య కంకర క్వారీలో రాళ్లు కొట్టినవాడు. పాటతో కూలీలను కూడగట్టినవాడు. పోలీసులు అతన్ని కాల్చి చంపారు. అది చాలక ఊరి మీద పడి, ఇంటింటి క్యాసెట్లూ నడివీధిలో తగలబెట్టారు. మిగిలింది ఇదొక్కటే. భద్రంగా ఉంటుందని సంఘం లైబ్రరీకి ఇచ్చింది పద్మ.

"ఎవరు పారేసిన్రు?"

"నేనే పారేయమన్నా," అన్నాడు సంఘం అధ్యక్షుడు శేషగిరి. పద్మ పనిచేసే కన్సల్టెన్సీ ఆయనదే, ఆమె వీసా ఆయన గుప్పిట్లోదే. "అక్కడ రాష్ట్రం విభజన గొడవలతో మండిపోతోంది. ఆ నిప్పు ఇక్కడా అంటిస్తావా అమ్మా? అయినా టేపు పాడైందిగా."

సంఘం పాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫణి తల గోక్కున్నాడు. "మధ్యమధ్యలో బ్లాంక్ అక్కా. సౌండే లేదు. అందుకే ఎక్కించలేదు."

స్టూడెంట్ శ్రీహర్షది పాత కారు. అందులో క్యాసెట్ ప్లేయర్ ఇంకా ఆడుతుంది. "మా డొక్కుబండికి ఇన్నాళ్లకి ఇజ్జత్ దొరికింది," అని తలుపులు నాలుగూ బార్లా తీశాడు. సంఘం భోజనాలకొచ్చిన జనం మూగారు.

అంజయ్య గొంతు లేచింది. "బండ కొట్టింది మనమైతే..."

ఆగిపోయింది.

"చూశారా?" అన్నాడు ఫణి.

"బాట వాడిదెట్లాయెరా!" ఆ ఖాళీలోకి పద్మ పాడింది. "ఇది వంత పాడేటోళ్ల జాగా తమ్మీ. పోలీసులకు దొరక్కుండ దాక్కొని, అన్న ఒక్కడే పాడిండు. జనానికి జాగా విడిచిండు."

మళ్లీ అంజయ్య. మళ్లీ ఖాళీ. ఈసారి శ్రీహర్ష అందుకున్నాడు. తర్వాత పద్మ ఆఫీసులోనే పనిచేసే రష్మి, ప్లేట్లు పట్టుకున్న కుర్రాళ్లు, చివరికి ఫణి. ఏ జిల్లా నోరని ఎవరూ అడగలేదు.

"ఆపండి!" అని శేషగిరి అరిచాడు. ఆయన మాటకు కాదుగానీ, పాట ఆగింది. ముసలి ప్లేయర్ టేపును నమిలేసింది. శ్రీహర్ష లాగితే ముక్కలొచ్చాయి.

"అన్నా..." అని పద్మ నేలమీద కూలబడింది. లోకంలో ఆ గొంతు ఇక లేదు.

కూలబడ్డచోటునుంచే ఆమే ఎత్తుకుంది, పగిలిన గొంతుతో. "కంకర మోసింది మనమైతే..."

"మేడ వాడిదెట్లాయెరా!" అన్నారు జనం.

"పద్మా, సోమవారం నుంచి ఆఫీస్‌కి రావద్దు," అన్నాడు శేషగిరి. "వీసా క్యాన్సిల్ చేయిస్తా."

నోళ్లు మూతపడ్డాయి. ఆయన దగ్గర పనిచేసేవాళ్లే అక్కడ సగం మంది. ఇళ్ల లోన్లు, పిల్లల చదువులు అందరికీ కళ్లముందాడాయి.

ఫణి ప్లేటు కింద పెట్టాడు. "నాకూ చెప్పండి సార్, రావద్దని."

"నాకూ," అంది రష్మి.

వెనక నుంచి ఇంకెవరో, "నాకూ."

పద్మ తలెత్తలేదు. టేపు ముక్కలు ఏరుకుంటూనే ఉంది.