పలుపులు యాడ

హేమలత అత్త అంజనమ్మ మంచి మనిషే. ఆ మంచి చూపించడానికి ఆమెకు తీరిక లేదు, అంతే. పొద్దున చీపురు పట్టింది మొదలు రాత్రి నులక మంచం మీద నడుం వాల్చేదాకా, చనిపోయిన మొగుడి మీద నేరాలు చెప్పుకోవడానికే ఆమెకు పొద్దు చాలదు. అత్త ఆరళ్లు ఎలా ఉంటాయోనని భయపడుతూ ఆ ఇంట్లో కాలుపెట్టిన హేమలత, ఆరళ్లన్నీ మామ ఓబన్నే మోస్తున్నాడని చూసి నిమ్మళించింది. ఆయన పోయి పదేళ్లవుతున్నా ఇంకా ఆయనే మోస్తున్నాడు.

నేరాలు ఎన్నున్నా, పెద్దది ఒకటే. పలుపులు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఆ ఏడు కరువుకు గడ్డివాములన్నీ అయిపోయి, కొట్టం కప్పిన బోదగడ్డి కూడా పీకి ఎద్దులకు మేపారు. అదీ అయిపోయాక ఓబన్న ఎద్దుల జతను తోలుకొని విడపనకల్లు దిక్కు నడిచాడు. అక్కడ నల్లరేగడి, కాలువ నీళ్లు, జొన్నసొప్ప. వారం తిరక్కముందే ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఒక రైతుకు ఇచ్చేసినా. ఊరికే ఇచ్చినా. మేపుకొని బతికిచ్చుకోమని చెప్పినా" అన్నాడు.

"పలుపులు యాడ?" అంది అంజనమ్మ.

"అవీ ఇచ్చేసినా."

ఎద్దును అమ్మినా, ఊరికే ఇచ్చినా, మెడకు కట్టిన పలుపు మాత్రం విప్పి ఇంటికి తెచ్చుకోవాలి. తీసుకునేవాడు తన తాడు తాను తెచ్చుకుంటాడు. పలుపు ఇంటి కొయ్యకు వేలాడుతున్నంతకాలం ఆ ఇంట్లో పసుల సిరి ఉన్నట్టే. అది దాటిపోయిందంటే సిరీ దాటిపోయినట్టే. ఆ పక్క పాలుతాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి, తలపాగా చుట్టిన రైతుకు తెలియకపోయింది.

ఆ తరువాత బోరు ఎండినా పలుపుల వల్లే. దానిమ్మ చెట్లకు మచ్చ తెగులు వచ్చినా పలుపుల వల్లే. పోయినేడు మిక్సీ కాలిపోతే, "ఇంగేం నిలుస్తాది ఈ ఇంట్లో, ఆ పెద్దమనిషి చేసిన పనికి" అంది. ఓబన్న బతికున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. చుట్ట ముట్టించుకొని, పాత కొట్టంలో గోడకు వీపు ఆనించి కూచునేవాడు. ఎప్పుడూ అదే గోడ, అదే చోటు.

ఆయన ఫోటో బియ్యం డ్రమ్ము వెనక ఉంటుంది. "ఇంటి సిరిని దానం చేసినోనికి గోడ ఎందుకు?" అంటుంది అంజనమ్మ. పాత కొట్టాన్ని వంటిల్లుగా మార్చే పని పెట్టుకున్నప్పుడు, హేమలత మొగుడు ఓబిలేష్‌కు ఉన్న ఆశ ఒక్కటే. కొత్త గోడ మీదైనా నాయన ఫోటో పెట్టాలని. అమ్మ ఒప్పుకోదు. అమ్మతో కొట్లాడే దమ్ము ఓబిలేష్‌కు లేదు. ఆ విషయంలో అచ్చం వాళ్ల నాయనే.

తాడిపత్రి బండలు వచ్చి వాకిట్లో దిగిన రోజు, మేస్త్రీ కుళ్లాయప్ప కొట్టం గోడకు గడ్డపార వేశాడు. మట్టిలో పేర్చిన రాతి గోడ. మధ్యలో ఒకచోట రాళ్లు చిన్నవి.

"ఈడ గూడు ఉన్నట్టుండాది గదమ్మా, పూడ్చేసినారు" అన్నాడు.

అది దీపం గూడు. తేళ్లు చేరుతున్నాయని ఓబన్నే మూసేశాడని, దీపం పెట్టుకునే చోటు కూడా లేకుండా చేశాడని అత్త చెబుతుంటే హేమలత చాలాసార్లు వింది. నేరాల వరసలో అది ఏ పదోదో. ఆయన వీపు ఆనించి కూచునే చోటు కూడా ఇదే.

రాళ్లు తీస్తే లోపల ఒక మూట. పాత టువాలు. విప్పితే పొడిపొడిగా రాలిన వేపాకు, అందులో రెండు పలుపులు.

కుళ్లాయప్ప టీకి పోయాక హేమలత మొగుణ్ని పిలిచి చూపించింది.

"ఏమబ్బా, ఇవి మనవేనా?"

ఓబిలేష్ వేళ్లతో తడిమాడు. కిత్తనార తాళ్లు, పురిలో కలిపి పేనిన ఎర్ర గుడ్డ పేలిక. "మావే. అమ్మ పేనింది. మా పసులు దూరం నుంచే తెలియాలని ఎర్రపేలిక పెట్టేది." అతని ముఖం విప్పారింది. "చూడు, నాయన తెచ్చినాడు. తెచ్చి పెట్టినాడు గదా. అమ్మకు చూపిస్తా."

"ముందు సరిగా చూడు" అంది హేమలత.

మెడకు వేసిన ముడి ముడిలాగే బిగిసి ఉంది. ఉచ్చు మాత్రం పక్కన తెగి ఉంది, రెండింటికీ. కొడవలి కోత.

బతికున్న ఎద్దు పలుపును విప్పుతారు. చచ్చిన ఎద్దు పలుపును కోస్తారు. కోసి, అక్కడే పారేసి వస్తారు. చచ్చిన గొడ్డు తాడు గడప దాటి లోపలికి రాకూడదు. హేమలతదీ సేద్యం ఇల్లే, ఆమెకు ఎవరూ చెప్పక్కరలేదు.

ఓబిలేష్ గోడలోంచి తీసిన రాళ్ల మీద కూచున్నాడు. "ఆ ఎద్దుల్లో మైలోణ్ని అమ్మ చేత్తో సాకింది" అన్నాడు. "ఈనిన పూటే తల్లి చచ్చిపోతే, రాగంజి వేళ్లతో చీకిచ్చి పెంచింది. నాకంటే వాడే ముద్దు."

హేమలతకు అదీ తెలుసు. ప్రతి ఏరువాక పున్నానికీ అంజనమ్మ అరుగు మీద కూచుని, "విడపనకల్లు కాడ ఎవురో వాని కొమ్ములకు రంగు పూస్తాంటారు" అనేది. ఎద్దు ఆయుష్షు ఎంతో తెలిసిన మనిషే, ఈ మధ్య దాకా అంటూనే ఉంది. మొగుణ్ని తిట్టడం, ఎద్దులు సొప్ప మేస్తున్నాయని ఊరడిల్లడం, రెండూ ఒకే నోటితో.

"అమ్మకు చెప్పొద్దు హేమా."

"చెప్పకపోతే మీ నాయన డ్రమ్ము వెనకనే ఉంటాడు."

"చెప్తే మైలోడు చచ్చిపోతాడు గదా."

చచ్చి ఇరవై ఏళ్లయింది అనబోయి హేమలత ఊరుకుంది. ఆలోచించింది. ఆమెకు బుర్ర లేక కాదు, ఇంట్లో వాడే పని పడక అలా ఉందంతే. తెగిన కొనలు రెండూ కలిపి కొత్త ముడి వేసింది. ఉచ్చు మళ్లీ ఉచ్చులాగే అయింది. ముడి మీద గోడమట్టి రుద్దింది. రెండో దానికీ అంతే. ఎద్దులు బతికే ఉంటాయి, మామ గోడెక్కుతాడు. బీకాం చదువు ఇన్నాళ్లకు ఒక మోసానికైనా అక్కరకొచ్చిందనుకుంది.

అంజనమ్మ వాకిట్లో ఇటుకల కుప్ప మీద కూచుని సిమెంటు ఎక్కువ కలిపారని సణుగుతోంది. హేమలత పలుపులు తెచ్చి ఒళ్లో పెట్టింది.

"అత్తా, గూట్లో ఉండాయి. మామ తెచ్చినాడు. పలుపులు ఎవురికీ ఇయ్యలేదు."

అంజనమ్మ ఎర్ర పేలిక మీద బొటనవేలు పెట్టింది. అక్కణ్నుంచి పురి వెంబడి వేళ్లు మెల్లగా నడిచి, ముడి దగ్గర ఆగాయి.

"ఈ ముడి ఎవురు వేసింది?"

"మామే వేసింటాడు."

"ఆయప్పది ఎడం చెయ్యి. ఆయప్ప ముడి ఇట్ల పడదు." కోడలి వైపు చూడలేదు. "నువ్వు వేసినావు."

అంజనమ్మ గోళ్లతో ముడి విప్పింది. మట్టి రాలింది. తెగిన కొనలు రెండూ రెండు వేళ్ల మధ్య పట్టుకొని, ఎండలోకి ఎత్తి చూసింది. రెండో పలుపు ముడి విప్పనే లేదు.

"ఎద్దులు దావలోనే పడిపోయినాయి" అంది.

ఓబిలేష్ వచ్చి తలవాకిట్లో నిలబడ్డాడు.

"ఆ పొద్దు వచ్చినాడు. కాళ్లు పగిలి నెత్తురు కారతాండె. చేతులకంతా ఎర్రమన్ను. ఇంత మన్నేందని కూడా అడగలేదు నేను. గుంత తవ్వి పూడ్చి వచ్చినాడని తోచలేదు. నీళ్లు కూడా ఇయ్యలేదు. పలుపులు యాడ అన్నా." తాడును ఒళ్లో సర్దుకుంది. "పారేసి రాబుద్ధి గాలేదు ఆయప్పకు. నాకు చూపిచ్చనూ లేడు. గోడలో పెట్టుకొని వీపు ఆనిచ్చి కూచున్న్యాడు. నేను దినమూ తిడతాంటి, తిట్టిచ్చుకున్న్యాడు."

"అత్తా, లోపలికి పదాం. ఎండ."

"ఆ ఫోటో తేపో."

హేమలత డ్రమ్ము వెనక నుంచి తెచ్చింది. అద్దం నిండా బియ్యం దుమ్ము. అంజనమ్మ కొంగుతో తుడిచింది, మళ్లీ తుడిచింది. కుళ్లాయప్ప టీ తాగి వచ్చి, మేకు యాడ కొట్టాలమ్మా అని అడగబోయి, వాళ్లను చూసి చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు.

"ఆ గూడు మూయొద్దు. అట్లనే పెట్టి అందులో పెట్టండి మీ మామను" అంది అంజనమ్మ. ఆమె నోట 'మీ మామ' అన్న మాట హేమలత మొదటిసారి వింది.

తరువాత ఫోటోను ఎదురుగా, మోకాళ్ల మీద నిలబెట్టుకుంది. కొడుకూ కోడలూ మేస్త్రీ వింటున్నారని తెలిసి కూడా గొంతు తగ్గించలేదు.

"తప్పు నాది" అంది. "నీది గాదు. ఇన్నేండ్లూ నేనే తప్పు మాట్లాడినా."