గోడ మీద నెపం

కటినా తన లాండ్రీ గోడకి పసుపు రంగు వేయించిన రోజు నుంచీ ముర్తినీ ఒంటికాలి మీద లేస్తూనే ఉంది. వేసింది మర్యాదైన పసుపైనా బాగుండేది. మగ్గిపోయిన మామిడిపండు గుజ్జు తీసి పులిమినట్టుంది. కెదిరి ఊళ్ళో ఆ సందు ఎంత వెడల్పని? రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. ముర్తినీ ఇంటి ముందుగదే ఫోటో స్టూడియో, ఆ గదికున్న ఒకే ఒక్క పెద్ద కిటికీ సరిగ్గా ఆ గోడకి ఎదురు. ఎండ గోడ మీద పడి, కిటికీలోంచి లోపలికొచ్చి, పీట మీద కూర్చోబెట్టిన పిల్లల బుగ్గలకి పసుపు పూసి పోయేది.

ముర్తినీకి ఊళ్ళో పేరొచ్చిందే రంగు వల్ల. మిగతా స్టూడియోల వాళ్ళు పిల్లల్ని పిండిలో పొర్లించినట్టు తెల్లగా చేసి ఇస్తారు. ఈవిడ చేయదు. "కాస్త తెల్లగా తీయండక్కా" అని ఏ తల్లయినా అంటే, "తెల్లపిల్లాణ్ణి తెచ్చుకో, తీసిపెడతాను" అని మొహం మీదే అనేది. ప్రతి బిడ్డకీ మొదటి ఫోటోలో చెంప పక్కన ఒక బూడిదరంగు అట్ట పట్టుకునేది. కంప్యూటర్లో ఆ అట్ట సరిగ్గా బూడిదరంగులోకి వచ్చేదాకా సర్దితే తక్కిన రంగులన్నీ దారికొస్తాయి. పదకొండేళ్ళు ఆ అట్ట ఆమెని మోసం చేయలేదు.

పసుపు గోడ వచ్చాక లెక్క తప్పింది. కిటికీ వైపు చెంప ఒక రంగు, ఇవతలి చెంప ఇంకో రంగు. అట్ట ఏ చెంప దగ్గర పట్టుకోవాలి? విసుగెత్తి అట్టని సొరుగులో పడేసి, బిడ్డ మొహం కళ్ళకి బాగా కనిపించేదాకా పసుపు లాగేయడం మొదలుపెట్టింది. దరిద్రమంతా అక్కడే మొదలైంది, కానీ అప్పుడా మాట ఆమెకి ఎవరు చెప్పినా చెంప పగలగొట్టి ఉండేది.

వీధిపెద్ద ముందు పంచాయితీ కూడా పెట్టింది.

"నా గోడ, నా రంగు. నీ కళ్ళు మండితే కిటికీ మూసుకో," అంది కటినా. ఆమెకి అరవై దాటాయి, నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగింది.

"కిటికీ మూసుకుని గుడ్డిదీపం పెట్టుకుని తీయాలా? రంగు వేయించేముందు నీ కళ్ళు ఎక్కడ తాకట్టు పెట్టావు?"

"పని చేతకాక నా గోడ మీద పడి ఏడుస్తావేమే?"

వీధిపెద్ద టీ తాగి, ఇద్దరికీ సర్దుకుపొమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి తల్లికీ ముర్తినీ ముందుగా గోడ కథ చెప్పి, కటినాని నాలుగు తిట్లు తిట్టి, తరువాతే కెమెరా పట్టుకునేది.

అలాంటి రోజుల్లోనే వినార్ని వచ్చింది. రెండు సందుల అవతల ఉంటుంది, భర్త సముద్రం అవతల కలిమంతాన్ దీవి తోటల్లో పని చేస్తాడు, తొలి కాన్పు. బిడ్డ గాలిహ్‌కి ఆ రోజు సెలపానన్ పండగ, ముప్పై అయిదు రోజులు నిండాయి. ఇంట్లో ముద్ద అన్నం, ఉడికిన గుడ్లు పంచిపెట్టి, బిడ్డ జుట్టు కత్తిరించి, తెల్లటి బట్టలో చుట్టి నేరుగా స్టూడియోకి తెచ్చింది. బయట సన్నగా జల్లు పడుతోంది.

ఫోటోలయ్యాక వినార్ని కంప్యూటర్ దగ్గరికొచ్చి నిలబడింది. తెర మీద బిడ్డని చూసి ఆమె మొహం మాడిపోయింది.

"అక్కా, వీడు పసుపుగా ఉన్నాడు కదూ? ఇంట్లో కూడా నాకలాగే అనిపిస్తోంది. ఇంకా పసుపు తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని మంత్రసాని చెప్పింది. ఊర్నుంచి మా అత్తేమో ఫోన్లో, పొద్దుటెండలో పడుకోబెడితే పోతుందంటోంది."

"నీ బిడ్డకేం పిల్లా, బంగారంలా ఉన్నాడు! ఆ పసుపంతా ఎదురింటి దయ్యం గోడది. ఉండు, నీ కళ్ళముందే తీసి అవతల పారేస్తాను."

నాలుగు నొక్కులు నొక్కింది. గాలిహ్ బుగ్గలు గులాబీ రంగుకి తిరిగాయి. వినార్ని గుండెల మీద చెయ్యేసుకుని ఊపిరి వదిలింది. ఆ ఫోటో కలిమంతాన్‌లో ఉన్న మొగుడికి పంపింది, మంత్రసానికి పంపింది. "ఎర్రగా, ముద్దుగా ఉన్నాడు, ఇంక భయం లేదు" అని మంత్రసాని జవాబిచ్చింది. ముర్తినీకి కూడా ఆ ఫోటో ఎంత నచ్చిందంటే, పెద్దది చేయించి వీధిలోకి కనిపించేలా అద్దం వెనక పెట్టుకుంది.

పదిహేడు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం కటినా చేతిలో తెల్లబట్ట ఊపుకుంటూ సందు దాటి, చెప్పులతోనే స్టూడియోలోకి వచ్చేసింది.

"నా పొట్ట కొట్టాలని ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నావే? ఇది చూడు! వినార్ని బిడ్డ బట్ట. ఆ పండక్కి నేనే ఉతికిచ్చాను, ఇవాళ మళ్ళీ ఉతుక్కి వచ్చింది. ఇది తెలుపు కాదా? నీ ఫోటోలో నీలంగా పెట్టావేం? 'నీలిమందు బకెట్‌తో ఒలకబోశావా' అని వచ్చిన వాళ్ళంతా నన్ను చూసి నవ్విపోతున్నారు!"

ముర్తినీ లేచింది. "అరవకు. నీ గోడ పసుపు తీసేశాను, అందుకే బట్ట కాస్త నీలం తిరిగింది. తప్పెవరిది? నీది!"

"గోడ పసుపు బిడ్డ మొహం మీదే పడి, మొహం కింద చుట్టిన బట్ట మీద పడలేదా? ముప్పై ఏళ్ళు బట్టలుతికినదాన్నే నేను. రెండింటికీ ఒకే మరక అంటితే, ఒకే ఉతుక్కి రెండూ తెల్లబడాలి. ఇది నీలమైందంటే, దీనికసలు మరకే లేదు. లేని మరకని ఉతికావు నువ్వు!"

ముర్తినీ కుర్చీలో కూలబడి, ఆ రోజు తీసిన అసలు ఫోటో, ఏమీ ముట్టుకోనిది, తెరిచింది.

బట్ట తెల్లగా ఉంది. కటినా చేతిలో ఉన్నంత తెల్లగా. వాన పడుతున్న రోజు, గోడ మీద ఎండే లేదు. ఆ తెల్లబట్టలో బిడ్డ మొహం పసుపు. కిటికీ వైపు చెంప, ఇవతలి చెంప, రెండూ ఒకే పసుపు. బిడ్డ కళ్ళ దగ్గర ముర్తినీ పెద్దది చేసి చూసింది. కనుగుడ్ల తెలుపు కూడా పసుపే.

"ఓరి భగవంతుడా," అంది కటినా మెల్లగా. వెంటనే ఆమె గొంతు మళ్ళీ లేచింది. "ఇంకా కూర్చున్నావేం, లే! బండి తీస్తున్నాను."

దారంతా కటినా తిడుతూనే నడిపింది. వెనక కూర్చున్న ముర్తినీకి మొట్టమొదటిసారి ఆ తిట్లు తక్కువనిపించాయి.

వినార్ని గుమ్మంలో బిడ్డని ఒళ్ళో వేసుకుని ఉంది. వెలుగులో చూస్తే ఇప్పుడు దాపరికమేమీ లేదు. బిడ్డ మొహం పండిన ఆకులా ఉంది, పొట్ట ఉబ్బి ఉంది.

"వినార్నీ, ఆసుపత్రికి పద. వీడికి కామెర్లు. ఆ రోజే ఉన్నాయి," అంది ముర్తినీ.

"గోడ అన్నారు కదక్కా?"

"గోడ కాదు."

వినార్ని బిడ్డని పొదివి పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా బండెక్కింది. ముర్తినీ ఆటో పట్టుకుని వెనకే వెళ్ళింది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ బిడ్డ పొట్ట నొక్కి చూసింది. విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగింది. సున్నంలా అవుతోందని వినార్ని చెప్పింది. పాల వల్లేమో అనుకున్నానంది.

"పిత్తం దిగే దారి మూసుకుపోయినట్టుంది. సురబయ నగరానికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలి. అరవై రోజుల్లోపైతేనే గట్టి ఆశ. ఇవాళ్టికి ఎన్ని రోజులు?"

"యాభై రెండు."

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా? కళ్ళకి కనపడలేదా?"

"కనపడింది," అంది వినార్ని. ఫోన్ తీసి గులాబీ బుగ్గల ఫోటో చూపించింది. "ఇది చూసి, నా కళ్ళే అబద్ధమనుకున్నాను."

డాక్టరమ్మ ఫోటో వంక, బిడ్డ వంక చూసింది. "ఎవరు తీశారిది?"

"నేనే," అంది ముర్తినీ. తన ఫోన్లోకి ఎక్కించుకొచ్చిన అసలు ఫోటో తీసి ముందుకు చాపింది. "ఆ రోజు నిజంగా ఇలా ఉన్నాడు."

డాక్టరమ్మ కంటే ముందు వినార్ని అందుకుంది. చాలాసేపు చూసింది.

"ఇది పదిహేడు రోజులుగా మీ దగ్గరే ఉందా?"

"ఉంది," అంది ముర్తినీ.

గంటలో అంబులెన్స్ వచ్చింది. వినార్ని బిడ్డతో ఎక్కింది. సంచులు పట్టుకుని కటినా ఎక్కింది, వినార్నికి తోడు ఇంకెవరూ లేరు. ముర్తినీ కూడా మెట్టు మీద కాలు పెట్టి, తలుపు పట్టుకుంది.

"నేనూ వస్తానమ్మా. రాత్రంతా నేను మేలుకుంటాను. వాణ్ణి నేను చూస్తాను."

వినార్ని బిడ్డ మొహం తన గుండెకేసి దాచుకుంది.

"వద్దు. మీరు చూస్తే వాడు బాగానే ఉన్నాడంటారు."

ముర్తినీ కాలు వెనక్కి తీసుకుంది. కటినా లోపల్నించి తలుపు వేసింది.