వృథా నడక

ఏడో వరుసలో మూడు బల్బుల పెట్టెలు, పదకొండో వరుసలో ఒక తాళంకప్ప తీసి తోపుడుబండిలో వేసుకుని సన్నక్క మలుపు తిరిగింది. ఆమె వెనకాలే అట్టకు గోదాము పటం బిగించుకుని లీన్ సారు నడుస్తున్నాడు. గోదాములో వృథా ఎక్కడుందో పట్టుకునే 'లీన్' పద్ధతి కోసం కంపెనీ పిలిపించిన మనిషి. పొద్దుటినుంచి ఆమె ఎటు వెళితే అటు పటం మీద ఎర్రగీత లాగుతున్నాడు.

సరుకు బెల్టు మీద పెట్టేసి ఆమె నేరుగా వెనక్కి రావాలి. రాలేదు. మూలనున్న ప్యాకింగు బల్ల దగ్గరకు వెళ్లింది.

ఆ బల్ల బాబాయిది. సొంత బాబాయేం కాదు, నాన్న స్నేహితుడు. నాన్న చనిపోయిన ఏడాది ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడి ఆమెను ఈ పనిలో పెట్టించాడు. రెండేళ్లుగా ఆయన చూపు మసకబారింది. కంటి నరం ఎండిపోయింది, చేసేదేం లేదన్నారు డాక్టర్లు. ఇంకో పదకొండు నెలలు నెట్టుకొస్తే పింఛను వస్తుంది.

"ఇవాళ రాకుండా ఉండాల్సింది" అన్నాడాయన తల ఎత్తకుండా.

"నేను రాకపోతే ఎలా అంటిస్తావు? పై చీటీ ఆసుపత్రిది, మధ్యది బడిది, కిందది బట్టల కొట్టుది."

ఆయన పెదవులు కదుపుతూ ఒప్పజెప్పుకుని, వేళ్లతో పెట్టె అంచు తడిమి, చీటీ వంకర పోకుండా అంటించాడు.

మధ్యాహ్నం టీ వేళకు పటం గోడెక్కింది. ఎర్రగీతంతా చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంది.

"పూటలో ముప్ఫై ఒక్కసార్లు మూలకు వెళ్లారు. ఎందుకమ్మా?"

"మంచినీళ్లకి సార్."

"నీళ్లు ఇటువైపున్నాయి."

"అక్కకి నడకంటే ప్రాణం సార్" అన్నారెవరో. నవ్వులు లేచాయి.

లీన్ సారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. "కారణం చెబితే రాసుకుంటాను. లేకపోతే తీసేసేవాళ్ల జాబితాలో మీరుంటారు."

సన్నక్క నేల చూసింది. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది. అయినా "మంచినీళ్లకే సార్" అంది మళ్లీ.

అరల అంచు పట్టుకుని నడుస్తూ బాబాయి వచ్చాడు. ఎదురుగా ఉన్న మనిషికి కాస్త పక్కగా చూస్తూ అన్నాడు. "ఆ అడుగులు ఆ పిల్లవి కావు సార్. నావి. నాకు చీటీలు కనపడవు."

ఆ క్షణాన సన్నక్కకు గుండె మీంచి బండ దిగినట్టయింది. అలా అయినందుకు ఆమె తర్వాత ఎన్నడూ తనను తాను క్షమించుకోలేదు.

నాలుగింటికల్లా బాబాయిని పనిలోంచి తీసేసే కాగితాలు తయారయ్యాయి. ఎక్కడ సంతకం పెట్టాలో గుమాస్తా ఆయన వేలు పట్టుకుని చూపించాడు. గేటుదాకా దిగబెట్టి వస్తానంది సన్నక్క.

"వద్దులే. అదీ గీస్తారు" అన్నాడు బాబాయి. గోడ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఐదింటికి కొత్త పటం పెట్టారు. అందులో సన్నక్క దారి గీసిన గీతలా తిన్నగా ఉంది. అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఆమెకో మెచ్చుకోలు కాగితం ఇచ్చారు.

అది మడిచి పట్టుకుని ఆమె మూలకు వెళ్లింది. రేపు ఆ బల్ల తీసేస్తారు. ఊడ్చి తుడిచిన బల్ల మీద సగం వాడిన టేపు చుట్ట ఒక్కటే ఉంది. రేపు తడుముకునే వేళ్లకు సులువుగా దొరికేలా, బాబాయి అలవాటుగా దాని కొస చిన్నగా మడిచిపెట్టి వెళ్లాడు.