ఉత్తుత్తి కబురు

బిలాస్‌పూర్ తెలుగువాళ్లలో ఎవరు పోయినా, నలభై ఏళ్లుగా ఆ కబురు మోసింది సన్యాసిరావు సైకిలే. రైలింజన్ల షెడ్‌లో డ్యూటీ దిగి, రైల్వే క్వార్టర్ల నుంచి తెలిపారా పేట దాకా గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పేవాడు. ఆ బెల్లు వినబడితే చాలు, లోపలివాళ్లు "ఎవులు పోనారు?" అంటూ బయటికి వచ్చేవాళ్లు. అతని మోకాళ్లు అరిగిపోయాక, ఆ పనికో వెబ్‌సైట్ రాసిపెట్టమని తెలుగు సంఘం కార్యదర్శి జగన్నాథం ప్రత్యూషని అడిగాడు. ఇంట్లోంచే ఏదో కంపెనీకి ప్రోగ్రాములు రాసే ప్రత్యూష పొంగిపోయి ఒప్పుకుంది.

ఆమె రాస్తుంటే సన్యాసిరావు వచ్చి పక్కన కూర్చునేవాడు.

"నా పని ఇందులో ఎవులు సేస్తారమ్మా?"

"సంఘం అనే క్లాసు, అంటే ప్రోగ్రాములో ఒక భాగం, కబురు పంపేవాణ్ని తనే తయారుచేసుకోదు తాతా. బయటి నుంచి మనం అందిస్తాం. నిన్నటిదాకా నువ్వు, రేపట్నించి ఫోన్ మెసేజ్. ఎవరైనా సరే, పంపడం వచ్చినవాడైతే చాలు. రానివాణ్ని పెడితే వాడి రకం, అదే టైపు, కుదరలేదని తప్పులు పట్టే కంపైలరే ఆపేస్తాది."

"అచ్ఛా. పంపడం వచ్చినోడు నిజంగా ఎల్లాడో లేదో, అదీ సూస్తాదా?"

ప్రత్యూష నవ్వి ఊరుకుంది. ఆ నవ్వే ఇప్పుడామెను కాల్చుకు తింటోంది.

పరీక్ష కోసమని చావు కబురు ఎవరింటికి పంపుతాం? అందుకని ఆమె ప్రోగ్రాములోనే ఒక ఉత్తుత్తి పంపేవాణ్ని రాసుకుంది. వాడు ఎవరికీ ఏమీ పంపడు, "అందరికీ అందింది" అని మాత్రం చెబుతాడు. ఏ క్లాసుకి ఎవర్ని అందించాలో రాసే ఫైల్లో వాడి పేరే పెట్టింది. సైటు అప్పగించే ముందు మార్చాలి. మరిచిపోయింది. అసలువాడికీ వీడికీ టైపు ఒకటే కాబట్టి కంపైలర్ కిక్కురుమనలేదు. చదువుకున్నవాళ్ల తప్పులు ఇలాగే చప్పుడు చెయ్యవు.

ఆ సైటుకెక్కిన మొదటి చావు సన్యాసిరావుదే.

జగన్నాథం వివరాలు ఎక్కించాడు. "అందరికీ అందింది" అని తెర మీద పచ్చగా వచ్చింది. సాయంత్రం దాకా ఎదురుచూశారు. పాడె మోయడానికి మిగిలింది జగన్నాథం, ప్రత్యూష నాన్న పైడిరాజు, పక్క క్వార్టర్ల హిందీవాళ్లు ఇద్దరు.

"అందరి గుమ్మాలూ తొక్కినాడు గదమ్మా. ఏటి తప్పు సేసినాడని ఒక్కరూ రానేదు?" అని అడిగింది అతని భార్య అప్పయమ్మ.

మర్నాడు పొద్దున్నే ఫైలు తెరిచి చూసిన ప్రత్యూషకి ఉత్తుత్తివాడి పేరు అలాగే కనిపించింది. ఒక్క లైను. దాన్ని సరిచేసి, కబురు మళ్లీ పంపబోయి ఆగింది. ఇంకా తెర చాటున దాక్కోవడానికి సిగ్గేసింది. లేచి అప్పయమ్మ దగ్గరికి వెళ్లింది.

"వాళ్ల తప్పు కాదు మామ్మా. కబురే వెళ్లలేదు. తప్పు నాది."

అప్పయమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గోడవారనున్న సైకిల్ చూపించింది.

"ఎల్లి సెప్పు. ఆయన్ని ఎవులూ ఒగ్గీలేదని, ఇడిసిపెట్టలేదని నాకు తెలియాల."

తెలిపారాలో మొదటి ఇల్లు రిటైర్డ్ గార్డు విశ్వనాథానిది. ప్రత్యూష సైకిల్ బెల్లు కొట్టింది. లోపల మంచం కిర్రుమంది. ముసలాయన కళ్లజోడు వెతుక్కుంటూ అక్కడి నుంచే అడిగాడు.

"ఎవులు పోనారు, సన్యాసిరావూ?"